బకెట్టు, కాటా, సున్నం: ఒక పాత హోటలు ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

మా ఓనరు గారు పిలిచి "ఆర్నెల్లలో మన హోటలుకి పర్యావరణం సర్టిఫికెట్టు రావాలి, నువ్వే చూసుకో" అన్నారు. నేను మెయింటెనెన్స్ చూసేవాణ్ణి, ఫైళ్లు రాసేవాణ్ణి కాదు. నాకంటే ముందు ఈ పని మీద కూర్చున్నాయన వదిలి వెళ్లిన ఫైలు తెరిస్తే, బాత్రూముల్లో పెట్టే "టవలు మళ్లీ వాడండి, భూమిని కాపాడండి" కార్డు ఫొటోలే అరవై దాకా ఉన్నాయి. మీటరు రీడింగు ఒక్కటంటే ఒక్కటి లేదు. అందుకే ఈ డైరీ. ఏం కొలిచాం, ఏం మార్చాం, ఎక్కడ బోల్తా కొట్టాం, అన్నీ ఇందులోనే రాసుకుంటాను.

హోటలు సంగతి రెండు ముక్కల్లో: నూట పదేళ్ల కట్టడం, ఊరి నడిబొడ్డున, మూడంతస్తులు, 38 గదులు, మధ్యలో ఆకాశం కనపడే పెద్ద వాకిలి. వారసత్వ జాబితాలో ఉంది కాబట్టి ముందువైపు గోడకి మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. మొత్తం కట్టడానికి కరెంటు మీటరు ఒకటి, నీళ్ల మీటరు ఒకటి. బిల్లు వస్తుంది, కడతారు, తిట్టుకుంటారు, అంతే. ఎక్కడ ఎంత పోతోందో ఎవరికీ తెలీదు.

నాకు తోచిన మొదటి పని, ఒక రాత్రి నిద్ర మానుకోవడం. రెండున్నరకి మీటరు చూశాను, మూడున్నరకి మళ్లీ చూశాను. గంటలో 31 యూనిట్లు. ఆ రాత్రి నిండింది 11 గదులు, అందరూ నిద్రలో ఉన్నారు. మరి 31 యూనిట్లు ఎవరు తిన్నట్టు? టార్చిలైటు పట్టుకుని కట్టడం అంతా తిరిగాను. వంటింట్లో పొయ్యిలు ఆరిపోయి నాలుగు గంటలైనా ఎగ్జాస్ట్ ఫ్యాను హోరుమంటోంది. ఫంక్షన్ హాల్లో మనిషి లేడు, ఏసీ మాత్రం పద్దెనిమిది డిగ్రీల మీద నడుస్తోంది, సాయంత్రం మీటింగు వాళ్లు వెళ్లాక ఎవరూ ఆపలేదు. వేడినీళ్లు పైపుల్లో తిప్పే పంపు రాత్రంతా తిరుగుతూనే ఉంది (దీన్ని ఆపకూడదు, ఎందుకో తర్వాత రాస్తాను). ఇక అమ్ముడుపోని 27 గదుల్లో 27 చిన్న ఫ్రిజ్‌లు, ఒక్కోదాంట్లో రెండేసి నీళ్ల సీసాలు.

ఆ ఫ్రిజ్‌ల గురించి కొంచెం చెప్పాలి. హోటలు గదుల్లో పెట్టేవి చాలావరకు ఇంట్లో ఉండే రకం కాదు. వాటికి కంప్రెసర్ ఉండదు. హీటరు ఒకటి అమ్మోనియా కలిసిన నీటిని వేడి చేస్తుంటే ఆ ప్రవాహంతో లోపల చల్లబడుతుంది. చప్పుడు లేదు, అందుకే హోటళ్లకి ఇష్టం. కానీ కరెంటు ఎక్కువ తింటుంది, ఆ వేడినంతా గదిలోకే వదులుతుంది, ఆ వేడిని బయటికి తోడటానికి మళ్లీ ఏసీ. మావాటిలో ఒకదానికి ప్లగ్ మీటరు తగిలిస్తే రోజుకి యూనిట్‌కి కాస్త అటూ ఇటూ చూపించింది. అంటే 38 గదులకి రోజుకి 38 యూనిట్లు, గది అమ్ముడైనా కాకపోయినా. వెనక్కి చెయ్యి పెట్టి చూడండి, టీ గ్లాసు పట్టుకున్నట్టు ఉంటుంది.

మూడో వారం

ఫ్రిజ్‌లు తీసేశాం. అంతస్తుకి ఒకటి మామూలు కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టి, మందులు పెట్టుకోవాలన్నా, పసిపిల్లల పాలకన్నా అడిగినవాళ్లకి గదిలోకే ఇస్తున్నాం. రిసెప్షన్ వాళ్లు "గెస్టులు గోల చేస్తారు సార్" అని టెన్షన్ పడ్డారు. ఇప్పటిదాకా అడిగింది నలుగురు.

ఫంక్షన్ హాలుకి టైమరు, ఎగ్జాస్ట్ ఫ్యానుకి పొయ్యి ఆపితే ఆగే ఏర్పాటు. వీటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఎలక్ట్రీషియను ఒక మధ్యాహ్నంలో చేసేశాడు.

అసలు కథ షవర్లది. పది లీటర్ల బకెట్టు, ఫోనులో స్టాప్‌వాచ్ పట్టుకుని కింది అంతస్తులో ఒక గదిలో కొలిచాను, 33 సెకన్లకి బకెట్టు నిండింది. అంటే నిమిషానికి 18 లీటర్లు. మనిషి ఎనిమిది నిమిషాలు షవరు కింద నిలబడితే 144 లీటర్లు. నిమిషానికి ఎనిమిది లీటర్ల షవరు పెడితే 64. తేడా 80 లీటర్లు, అదీ వేడి చేసిన నీళ్లు. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.16 వాట్-అవర్లు కావాలి కాబట్టి, 80 లీటర్లని ఇరవై డిగ్రీలు పెంచడం అంటే దాదాపు రెండు యూనిట్లు, ఒక్క మనిషికి, ఒక్క స్నానానికి. లెక్క చూసి నాకు నేనే భుజం తట్టుకుని, గాలి కలిపి నీళ్లు వదిలే కొత్త రకం షవర్లు 38 గదులకీ ఒకేసారి ఆర్డరు పెట్టించేశాను.

పై అంతస్తులో మొదటి రోజే ఫిర్యాదులు. ఒకాయన తలకి షాంపూ రాసుకుని, ఆ నురగతోనే రిసెప్షన్‌కి ఫోను చేశాడట. వెళ్లి చూస్తే షవర్లోంచి నీళ్లు పడటం లేదు, కారుతున్నాయి. సంగతేమిటంటే, ఆ రకం షవరు పనిచేయడానికి కనీసం ఒక బార్ ఒత్తిడి కావాలని డబ్బా మీదే రాసి ఉంది. ఒక బార్ అంటే దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి పడే నీటి ఒత్తిడి. మా ట్యాంకు పై అంతస్తు షవరుకి మూడు మీటర్ల పైన ఉంటుంది, అంతే. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, పాత షవరు తిరిగి బిగించి అక్కడ బకెట్టు పెడితే నిమిషానికి తొమ్మిది లీటర్లే వచ్చాయి. ఆ గదుల్లో పొదుపు ఎప్పటినుంచో జరుగుతూనే ఉంది. కింద ఒక గదిలో కొలిచి 38తో గుణించింది నేను. పన్నెండు షవర్లు తిరిగి వెనక్కి పంపాం, వాటిలో నాలుగు వాడినవని కొట్టువాళ్లు తీసుకోలేదు. ఆ నాలుగూ నా బల్ల మీదే ఉన్నాయి, చూసినప్పుడల్లా బుద్ధి వస్తుందని.

నాలుగో వారం

వేడినీళ్ల పంపు ఎందుకు ఆపకూడదో ఇప్పుడు.

బాయిలర్ గదిలోకి వెళ్తే వేడినీళ్ల ట్యాంకు 45 డిగ్రీల మీద పెట్టి ఉంది. ఎవరో గొప్ప పొదుపని తగ్గించారు. చూడగానే గుండె ఝల్లుమంది. లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగేది సరిగ్గా 20 నుంచి 45 డిగ్రీల మధ్యే. ఆ నీటి తుంపర షవర్లోంచి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. ఈ జబ్బు బయటపడిందే ఒక పాత హోటల్లో: 1904లో తెరిచిన ఫిలడెల్ఫియా బెల్లెవ్యూ-స్ట్రాట్‌ఫర్డ్. 1976 జులైలో అక్కడ అమెరికన్ లీజియన్ (మాజీ సైనికుల సంఘం) సమావేశానికి వచ్చినవాళ్లు ఇళ్లకి వెళ్లాక వరసగా జబ్బుపడ్డారు, రెండు డజన్ల మందికి పైగా చనిపోయారు. అక్కడ అనుమానం ఏసీ వ్యవస్థ మీద. కారణమైన బ్యాక్టీరియాని 1977 జనవరిలో గానీ గుర్తించలేకపోయారు, ఈలోగా గెస్టులు రావడం మానేసి నవంబరుకల్లా ఆ హోటలు మూతపడింది. అందుకే వేడినీటి విషయంలో పొదుపు మాట ఎవరెత్తినా నేను ఒప్పుకోను. ట్యాంకులో 60, చివరి కుళాయి దగ్గర 50కి తగ్గకూడదు (పంపు ఆపితే పైపుల్లో నీళ్లు చల్లారి అంతకంటే దిగిపోతాయి), చెయ్యి కాలకుండా షవరు దగ్గర చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వు. పొదుపు చేయాలంటే పైపులకి తొడుగు వెయ్యాలి. మా బేస్‌మెంట్లో ఎనభై మీటర్ల పైపు ఒంటి మీద బట్ట లేకుండా ఉంది, దానికి వేశాం, బేస్‌మెంటు ఎంత చల్లబడిందంటే పనివాళ్లు అక్కడికి వచ్చి భోజనం చేస్తున్నారు.

ఇంకోటి. ఎప్పుడో బాత్‌టబ్బులు తీసేసినప్పుడు వాటి పైపుల్ని గోడలో బిరడా కొట్టి వదిలేశారు. కదలని నీళ్లు ఏళ్లతరబడి అందులోనే. ఇప్పటికి తొమ్మిది దొరికాయి, మొదలంటా కోసి మూసేశాం. ఖాళీ గదుల్లో వారానికోసారి అన్ని కుళాయిలూ కొన్ని నిమిషాలు వదలాలని రూలు పెట్టాం. నీళ్లు దండగ కదా అంటే, అవును, దండగే. కొన్ని దండగలు ఉండాలి.

ఆరో వారం

వంటిల్లు. ఛెఫ్ నాతో మూడు రోజులు మాట్లాడలేదు.

నేను చేసిందల్లా మూడు డబ్బాలు, ఒక కాటా పెట్టడమే. ఒకదాంట్లో తరిగినప్పుడు వచ్చే తుక్కు, ఒకదాంట్లో పాడైపోయినవి, ఒకదాంట్లో ఎంగిలి. ప్రతి షిఫ్టు చివర తూకం వేసి గోడ మీద కాగితంలో రాయాలి. "ఇరవయ్యేళ్లుగా వండుతున్నాను, ఇప్పుడు నా చెత్త తూస్తారా" అన్నాడు. అన్న దాంట్లో తప్పులేదు, తూకం అనగానే ఎవరికైనా తనిఖీ అనే అనిపిస్తుంది. కాగితం మీద పేర్లు రాయం, కిలోలే రాస్తాం అని మాటిచ్చాక దారికొచ్చాడు.

వారం తిరిగేసరికి ఆశ్చర్యం. మేం తుక్కు ఎక్కువ ఉంటుందనుకున్నాం. కాదు, సగానికి పైగా ఎంగిలే, అందులోనూ ఉదయం బఫేదే. ఒక ఉదయం నేనే గిన్నెలు కడిగే చోట నిలబడి వచ్చిన పళ్లేలు చూశాను. బ్రెడ్డు ముక్క కొరికి వదిలేసినవి, పుచ్చకాయ ముక్కలు ముట్టనైనా ముట్టనివి, ఒక పళ్లెంలో మూడు రకాల కేకులు ఒక్కోదానికి ఒక్కో చెంచా గాటు. గిన్నెలు కడిగే తమ్ముడు నావైపు చూసి "పళ్లెం పెద్దది సార్, ఖాళీ కనపడితే నింపుతారు, నింపింది తినలేరు" అన్నాడు. "ఇంకోటి సార్, చివరి అరగంటలో ట్రేలు నిండుగా నింపుతారు, ఆఖరి గెస్టుకి ఖాళీ ట్రే కనపడకూడదని. అదంతా నేరుగా నా దగ్గరికే వస్తుంది." ఎన్నాళ్లనుంచి ఇలా అంటే ఆరేళ్లు అన్నాడు. ఎవరికైనా చెప్పావా అంటే, ఎవరూ అడగలేదు అన్నాడు.

పళ్లెం కొలిచాం, 28 సెంటీమీటర్లు. 23కి మార్చాం. చూడ్డానికి ఐదు సెంటీమీటర్లే గానీ వైశాల్యంలో మూడో వంతు తగ్గుతుంది, 616 చదరపు సెంటీమీటర్ల నుంచి 415కి. చివరి అరగంట చిన్న గిన్నెల్లోనే నింపడం, గుడ్లు అడిగితే అప్పటికప్పుడు వేసివ్వడం. ఎన్నిసార్లయినా పెట్టుకోవచ్చు, ఎవరికీ ఏమీ తగ్గించలేదు. నాలుగు వారాల తర్వాత ఎంగిలి డబ్బా తూకం నలభై శాతం దిగింది. ఛెఫ్ ఇప్పుడు ఆ కాగితాన్ని వచ్చినవాళ్లందరికీ తనే చూపిస్తున్నాడు, డబ్బాల ఐడియా తనదే అన్నట్టు. పోనీలెండి.

చెత్తకుప్పకి చేరిన తిండి గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది, వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. అందుకని మిగిలిన తుక్కుని ఎరువుకి ఇచ్చే ఏర్పాటు కూడా చేశాం, దాని గురించి ఇంకోసారి.

ఎనిమిదో వారం

మిగిలిన తిండి దానం చేద్దామని వెళ్లి చీవాట్లు తిన్నాను.

దగ్గర్లో నిరాశ్రయుల వసతి గృహం ఒకటి ఉంది. బఫేలో ఎవరూ ముట్టనివి చల్లార్చి డబ్బాల్లో పెట్టి తీసుకెళ్లాం. వండిన తిండి 5 నుంచి 60 డిగ్రీల మధ్య రెండు గంటలకి మించి ఉండకూడదని, టైము రాసిన చీటీలతో సహా, అంతా పద్ధతిగా. అక్కడ చూసుకునే ఆవిడ డబ్బాలు తెరిచి చూసి, "నిన్న కేకులు, ఇవాళ కేకులు. మా దగ్గర సగం మందికి షుగరు. మీకు మిగిలింది మాకు పనికొచ్చేది కావాలని ఏముంది బాబూ? ఒకరోజు నలభై మందికి తెస్తారు, ఇంకోరోజు ఎనిమిది మందికి. మేం వంట ఎలా లెక్క వేసుకోవాలి?" అన్నారు. నేను నోరు మూసుకున్నాను.

మరి ఏం కావాలో చెప్పండి అంటే చెప్పారు. దుప్పట్లు, తువ్వాళ్లు. మేం చిన్న మరక పడితే పక్కన పడేసే దుప్పట్లు స్టోరులో రెండు బీరువాల నిండా ఉన్నాయి. ఇంకా, వారంలో రెండు రోజులు వాళ్ల పక్కబట్టలు మా లాండ్రీలో ఉతికిపెట్టడం. ఇది వాళ్లడిగితే గానీ నాకు తట్టలేదు, మా మిషన్లు మధ్యాహ్నం రెండు తర్వాత ఖాళీగానే ఉంటాయి. ఇప్పుడు మంగళ, శుక్రవారాలు వాళ్ల మూటలు వస్తున్నాయి. తిండి కూడా ఇస్తున్నాం, కానీ మిగిలింది కాదు. వారానికి రెండు పూటలు, ముప్పై మందికి, లెక్క ప్రకారం వండి. సర్టిఫికెట్టు ఫారంలో దీనికి గడి లేదు.

పదకొండో వారం

గోడ. ఈ ఎంట్రీ పెద్దది, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే.

కింది నడవాలో నడుము ఎత్తు వరకు గోడకి చెమ్మ. రంగు పెచ్చులుగా ఊడిపోతుంది, ఏడాదికోసారి సిమెంటు పూసి ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తారు, మళ్లీ ఏడాదికి పెచ్చులు. ఈసారి మేస్త్రీ ఒకాయన్ని వెతికి పట్టుకొచ్చాను, సున్నం పని తెలిసినాయన, డెబ్భైకి దగ్గర్లో ఉంటాడు. వచ్చి మాట్లాడకుండా గోడని సుత్తి పిడితో టకటకా కొట్టుకుంటూ నడిచాడు. కొన్నిచోట్ల గట్టి చప్పుడు, కొన్నిచోట్ల డొల్ల. డొల్లగా వినపడిన చోట ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే అరచెయ్యంత సిమెంటు పలక ఊడిపడింది. వెనక ఇటుక నానబెట్టినట్టు తడిగా ఉంది, మీద తెల్లగా ఉప్పు. వేలితో గీకి చూపించి "గోడకి ఊపిరాడట్లేదు బాబూ" అన్నాడు.

కిటుకంతా ఇక్కడే. పాత గోడలు సున్నంతో కట్టినవి. తడి పీల్చుకుంటాయి, మళ్లీ గాలికి వదిలేస్తాయి. దాని మీద సిమెంటు, ప్లాస్టిక్ రంగు వేస్తే తడి బయటికి రాలేదు, లోపలే పైకి పాకుతుంది, దొరికిన సందులోంచి ఆవిరవుతూ ఉప్పుని అక్కడే వదిలేస్తుంది, ఆ ఉప్పు పలుకులు పెరిగి పూతని తోసేస్తాయి. పైగా సిమెంటు ఇటుక కంటే గట్టిది, కట్టడం కాస్త కదిలితే పగిలేది ఇటుకే. ఒకప్పటి నుంచీ బాగానే ఉన్న గోడని బాగుచేయబోయి చెడగొట్టింది మనమే. కాల్చే వేడిలోనూ తేడా ఉంది: సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే సున్నం అవుతుంది, సిమెంటుకి మూలమైన క్లింకరుకి దాదాపు 1450 కావాలి. కాల్చినప్పుడు రాయిలోంచి పోయిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత సున్నం గట్టిపడేటప్పుడు గాలిలోంచి మళ్లీ తీసుకుంటుంది కూడా.

కానీ మేస్త్రీ అప్పుడే సున్నం కలపలేదు. "తడి ఎక్కడనుంచి వస్తోందో చూడకుండా పూస్తే నేనూ వాళ్లలాగే అవుతాను" అని బయటికి వెళ్లాడు. అలంకారంగా కొట్టిన చెక్క పలక వెనక వాననీటి గొట్టం అతుకు విడిపోయి ఉంది. వానపడినప్పుడల్లా నీళ్లు నేరుగా పునాదిలోకి. ఎన్నేళ్లనుంచో. ఇంకా, బయట నడిచే బాట మీద పొర మీద పొర వేసుకుంటూ పోయి మా లోపలి నేల కంటే నాలుగు వేళ్లు ఎత్తయింది. గొట్టం బాగుచేశాం, గోడ వెంబడి ఒక జేన వెడల్పు తవ్వి గులకరాళ్లు నింపాం, అనుమతికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత సిమెంటంతా ఒలిచి గోడని రెండు నెలలు ఉత్తగా వదిలేయమన్నాడు.

ఆ నడవా పక్క నాలుగు గదులు మూసేయాలి. అకౌంట్స్ వాళ్లు నన్ను చూస్తే దారి మార్చుకుంటున్నారు. ఓనరు గారికి పాత కట్టడాల్ని కాపాడటం గురించి 1964లో రాసిన వెనిస్ చార్టర్‌లో ఒక మాట ఉందని చెప్పాను, సమాజానికి పనికొచ్చేలా వాడుకుంటూ ఉంటేనే కట్టడాన్ని కాపాడుకోవడం సులువవుతుందని. "మూసేస్తే వాడుకున్నట్టు ఎలా అవుతుందయ్యా?" అన్నారు. పాయింటే. చివరికి రెండేసి గదుల చొప్పున మూయడానికి ఒప్పందం.

పదమూడో వారం

కిటికీలు, చిన్న ఎంట్రీ. కంపెనీ వాళ్లొచ్చి పాత చెక్క కిటికీలు పీకి ప్లాస్టిక్‌వి పెడతాం అన్నారు. కుదరదు, కుదిరినా నేనొప్పుకోను. వడ్రంగి కుళ్లిన అడుగు ముక్క మాత్రం కోసి కొత్త కర్ర అతికాడు, సందులకి బ్రష్ పట్టీలు కొట్టాడు, లోపలివైపు పది సెంటీమీటర్ల ఎడంతో రెండో అద్దం. ఆ ఎడం వల్ల రోడ్డు చప్పుడు బాగా తగ్గింది. గెస్టులు మెచ్చుకునేది చప్పుడు తగ్గినందుకే, కరెంటు గురించి ఎవరికీ పట్టదు.

కోల్డ్ రూము సంగతి మాత్రం నన్ను కుదిపేసింది. ఏటా "గ్యాస్ నింపించడం మామూలే" అని ఒక మెకానిక్ వచ్చి నాలుగు కిలోలు నింపి వెళ్లేవాడు. సిలిండరు మీద చూస్తే ఆర్-404ఏ అనే చల్లబరిచే వాయువు. దాని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కి 3,922 రెట్లు. నాలుగు కిలోలంటే 15 టన్నులకి పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే, ఏటా, ఏ బిల్లులోనూ కనపడకుండా. 2016లో ప్రపంచ దేశాలు చేసుకున్న కిగాలీ ఒప్పందం తగ్గించమన్నది ఇలాంటి వాయువుల్నే. ఆ యంత్రం మూసివున్న వ్యవస్థ, గ్యాస్ ఖర్చవ్వడానికి అదేమైనా పొయ్యా? లీకు లేకుండా తగ్గదు. సబ్బు నురగ బ్రష్‌తో ఒక్కో అతుకుకీ పూసుకుంటూ పోతే, కాయిల్ వెనక ఒక నట్టు దగ్గర బుడగ మెల్లగా ఉబ్బి టప్పుమంది. మళ్లీ ఇంకోటి. స్పానరుతో పావు వంతు తిప్పు సరిపోలేదు, గొట్టం అంచుని మళ్లీ గరాటాలా విప్పార్చి బిగించాల్సి వచ్చింది. అరపూట పని. యంత్రం వయసైపోయాక ఆ వాయువు బదులు ప్రొపేన్‌తో చల్లబరిచేది కొందాం అని రాసిపెట్టాను.

పదహారో వారం

టవళ్ల కార్డు. చివరికి దాని దగ్గరికే వచ్చాం.

గోల్డ్‌స్టీన్, చాల్డీని, గ్రిస్కెవిషస్ అనే ముగ్గురు 2008లో ఒక హోటల్లో పరిశోధన చేసి చూపించారు, "పర్యావరణాన్ని కాపాడండి" అనే కార్డు కంటే "ఈ గదిలో దిగినవాళ్లలో చాలామంది టవలు మళ్లీ వాడారు" అనే కార్డు బాగా పనిచేస్తుందని. నేనూ కార్డు మార్చేసి లాండ్రీ తూకం చూశాను. ఏమీ తగ్గలేదు. విసుగొచ్చి హౌస్‌కీపింగ్ అక్కని అడిగాను (అందరూ అక్కే అంటారు, ఇరవై రెండేళ్ల సర్వీసు). ఆవిడ నవ్వింది. "వాళ్లు కొక్కేనికి తగిలిస్తూనే ఉన్నారు. తీసేది మేమే. సూపర్‌వైజరు కాగితంలో 'కొత్త టవళ్లు' అని గడి ఉంటుంది, పాతది కనపడితే తప్పు కింద రాస్తారు. మీ కార్డు కోసం నా మార్కులు పోగొట్టుకోవాలా?" ఆ గడి కొట్టేసిన వారంలోనే లాండ్రీ తూకం దిగింది.

అదే రోజు ఆవిడ ఇంకో విషయం చెప్పింది. "గది శుభ్రం వద్దు" అని గెస్టు టిక్కు పెడితే కూపను ఇస్తున్నాం కదా, పర్యావరణం పేరుతో. ఆ గదిని ఆ రోజు లెక్కలోంచి తీసేసి వీళ్ల గంటలు కోస్తున్నారు. మూడు రోజుల తర్వాత అదే గది తెరిస్తే చెత్త, మురికి మూడింతలు, టైము మాత్రం ఒక గదికి ఇచ్చేదే. అంటే మేం మిగిల్చామనుకున్నది వీళ్ల నడుముల్లోంచి, జీతంలోంచి వస్తోంది. నాకు చాలా సిగ్గేసింది, ఎందుకంటే ఆ కూపన్ల అంకెని నేను నా రిపోర్టులో గొప్పగా రాశాను.

మార్చినవి: వద్దన్న గదికి కూడా గంటలు కోయకూడదు, అలాంటి గది ఖాళీ చేశాక ఒకటిన్నర గదిగా లెక్క. మనిషికి రోజు కోటా 15 గదుల నుంచి 12, ఎందుకంటే మా కట్టడంలో ట్రాలీ ఎక్కే లిఫ్టు లేదు, బుట్టలు మెట్ల మీద మోస్తారు. దుప్పటి నాలుగు మూలలా పరుపెత్తి దోపే పని తప్పించడానికి ఎలాస్టిక్ అంచున్న దుప్పట్లు. ఇది అక్క చెప్పిందే, ఇంత చిన్న మార్పుకి ఇంత సంతోషం నేనెక్కడా చూడలేదు. షిఫ్టు చీటీ ఆదివారం రాత్రి అతికించేవాళ్లు, ఇప్పుడు రెండు వారాల ముందు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1991లో హోటళ్లు, రెస్టారెంట్ల పనివాళ్ల కోసమే చేసిన 172వ ఒడంబడికలో ఈ మాట ఉంది, పని వేళలు ముందుగా చెప్పాలని. టిప్పులు ఎన్నొచ్చినా మూలవేతనం క్రమంగా ఇవ్వాలని కూడా ఉంది. ఓనరు గారికి ప్రింటు తీసి ఇచ్చాను.

ఇరవయ్యో వారం

రాత్రిపూట నేలలు తుడిచే ఆరుగురు మా మనుషులు కాదు, కాంట్రాక్టరు మనుషులు. జీతం చీటీలు చూపించమని అడిగితే నెల రోజులు సాగదీశాడు. వచ్చాక చూస్తే యూనిఫాం కింద కోత, "డిపాజిట్" కింద కోత. మా గెస్టు నడిచే నేలని తుడిచే మనిషి మొదటి నెల జీతం ఎవరి జేబులోనో ఉంది, ఆ నెలలోనే నేను సున్నం గోడ ఫొటోలు తీసుకుంటూ తిరిగాను. వెంటనే తీసేద్దామంటే వీళ్లే వీధిన పడతారు. ముందు డిపాజిట్ వెనక్కి ఇప్పించాం, అదీ బిల్లు ఆపితేనే. ఒప్పందంలో కోతలు ఉండకూడదని రాయించాం. ఇద్దర్ని మా జాబితాలోకి తీసుకున్నాం, మిగతా నలుగురిని కొత్త ఏడాది బడ్జెట్టులో చూద్దాం అన్నారు ఓనరు గారు. నేను నెలకోసారి అడుగుతూనే ఉంటానని ఆయనకి తెలుసు.

ఇరవై నాలుగో వారం

మళ్లీ ఒక రాత్రి మేలుకున్నాను. రెండున్నర నుంచి మూడున్నర దాకా 17 యూనిట్లు, ఈసారి నిండినవి 13 గదులు. ఇంకా తగ్గాలి, బేస్‌మెంట్లో ఏదో తింటోంది, అంతస్తుకో సబ్‌మీటరు పెడుతున్నాం.

సర్టిఫికెట్టు వాళ్లు వచ్చి వెళ్లారు. టవలు కార్డు ఫొటో అడిగారు, ఇచ్చాను.

గోడకి సున్నం రెండో పూత పడింది. మేస్త్రీ రోజూ పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరించి తడి గోనెపట్టా కప్పుతున్నాడు, త్వరగా ఆరితే బీటలిస్తుందట. రంగు ఎప్పుడు అని అడిగితే నావైపు చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. ఇంకో నెల తర్వాత సున్నపు వెల్ల, అంతే.

అక్క మధ్యాహ్నం ఆపి, వెనక మెట్లకి ఒకవైపే పట్టుకునే కర్ర ఉంది, బుట్ట పట్టుకుని దిగేటప్పుడు రెండోవైపు కావాలి అంది. జాబితాలో ఉన్న మెట్లు కాబట్టి గోడకి మేకు కొట్టకుండా కింద నేలకి నిలబడేలా చేయాలి. రేపు పొద్దున వడ్రంగి వస్తున్నాడు, ఈలోగా మెట్లు లెక్కపెట్టి కొలతలు తీయాలి.